దారం కట్టని గోనియా

తాతల నాటివాళ్ళు తుగ్యానీ నుంచి ఏళ్ళు లెక్కబెట్టుకునేవాళ్ళు. మూసీ పొంగి నగరాన్ని ఊడ్చిపెట్టిన వరద అది. ఫలానావాడు తుగ్యానీకి ముందు పుట్టాడు, ఫలానా పెళ్ళి తుగ్యానీ అయిన మూడో ఏడు జరిగింది, అనేవాళ్ళు. చిలకలగూడ వడ్రంగి వడ్ల సదాశివ ఆ వరదను చూడలేదు. అయితేనేం, అతనికీ ఒకటి దొరికింది. వీధుల్లో పడవలు తిరిగిన అక్టోబరు వరద. ఈ సంగతి ఆ వరద తర్వాత రెండో ఏడు, దసరాకు ముందు జరిగింది.

ఆ వరదలో పద్మారావు నగర్‌లోని అతని కొడుకు రాఘవేందర్ దుకాణంలో నడుము లోతు నీళ్ళు నిలిచాయి. రాఘవేందర్ ప్లైవుడ్‌తో అల్మారాలు, వంటింటి డబ్బాలు చేసి అమ్ముతాడు. మూడు రోజులు నానిన ఆ సరుకు చాయ్‌లో ముంచిన బిస్కెట్‌లా ఉబ్బి పొరలు పొరలుగా ఊడింది. దాని పక్కనే సదాశివ పాత టేకు పనిపెట్టె కూడా మునిగింది. దాన్ని తీసి నీడలో ఆరబెడితే వారానికి ఎప్పటిలాగే మూత పడింది.

"చూసినవా?" అన్నాడు సదాశివ కొడుకుతో.

ఆ ఏడాది మొత్తమ్మీద కొడుకుతో అతను మాట్లాడిన పెద్ద మాట అదే. కొడుకు చూశాడు. చూసి, మళ్ళీ ప్లైవుడే తెప్పించాడు. చూడగానే బుద్ధి వచ్చేదయితే లోకంలో గుడ్డివాళ్ళు తప్ప మూర్ఖులు ఉండేవాళ్ళు కారు.

సదాశివకు డెబ్బై దాటాయి. మూడో తరగతిలో ఉండగా పంతులు చెవి మెలేస్తే బడి వదిలిపెట్టి వచ్చి తండ్రి దగ్గర బాడిసె పట్టాడు. ఆ తర్వాత ఎవరినీ ఏదీ అడిగిన పాపాన పోలేదు. అతనిది తక్కువ మాట. ఆ తక్కువలో సగం 'హుఁ', మిగతా సగం ఎదుటివాడు నాలుగు రోజులు మరిచిపోలేని మాట.

రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయ్యాక రాఘవేందర్ పట్టుబట్టాడు.

"ఇగ చాలు నాయినా. జెర ఇంట్ల కూసో. గీ వయసుల నీకు రంపమేంది? ఒక్క కోత తప్పువోతే నలుగుర్ల నా ఇజ్జత్ పోతది."

"నాది పోదా?"

"నీది సుత పోతది. అందుకే చెప్తున్న."

సదాశివ రంపం చేతిలోకి తీసుకున్నాడు. "ఒక్క కోత తప్పువోయిన్నాడు రంపం తెచ్చి నీ దుకాణంల మొలకు తగిలిస్త. మళ్ళ ముట్ట. గా మొల ఇప్పుడే కొట్టి పెట్టుకో. గప్పటిదాంక నోరు మూసుకో."

రాఘవేందర్ నిజంగానే మొల కొట్టాడు. దుకాణంలో అడుగు పెట్టగానే కనబడేలా, ఎదురు గోడకు. సదాశివ అటు పోయినప్పుడల్లా దాన్ని చూసేవాడు. అది కూడా వంకరగా కొట్టాడనుకునేవాడు. ఆ వంకర మొల ఖాళీగా ఉన్నంతకాలం తను మేస్త్రీ. దానికి రంపం ఎక్కిన రోజు తను అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బండ్లు లెక్కబెట్టే ముసలాడు.

అట్లాంటి రోజుల్లో మారేడ్‌పల్లి నుంచి పని వచ్చింది.

పని పెట్టింది వీరరాఘవమ్మ అనే లెక్కల టీచరమ్మ. భీమవరం దగ్గరి మనిషి. ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఇంట్లో ట్యూషన్ పెట్టుకుంది. ఆమె దగ్గర వాళ్ళ నాన్నమ్మ నాటి ఉయ్యాల బల్ల ఒకటుంది. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అతుకన్నది లేని ఒకే టేకు పలక. అపార్ట్‌మెంట్లో ఉయ్యాలకు కొక్కేలు కొట్టనివ్వరు, మన కప్పు పైవాడికి నేల కాబట్టి. పదేళ్ళుగా ఆ బల్ల మంచం కింద దుమ్ము తింటోంది. ఇప్పుడు దాన్ని హాల్లో గోడ వెంట బిగించి, ట్యూషన్ పిల్లలు రాసుకునే బల్లగా చేయించాలని ఆమె ఆలోచన.

"మూడు తరాలు కూర్చున్న చెక్క మేస్త్రీ," అంది మొదటి రోజే. "నా చిన్నప్పుడు జ్వరమొస్తే దానిమీదే పడుకోబెట్టేవారు. ఇట్లాంటి పలక మళ్ళీ నాకు దొరకదు. నీ చేతిలో పాడయిందంటే ఊరుకోను."

"పాడుగాదు," అన్నాడు సదాశివ.

చిక్కల్లా గోడతో వచ్చింది. హాల్లో ఒక పొడుగు గోడ ఉంది. అది హాలు దాటి బాల్కనీలోకి కూడా తిన్నగా పోతుంది. హాలునూ బాల్కనీనీ వేరుచేస్తూ దానికి తగిలి ఒక అడ్డగోడ ఉంది. కట్టినవాడు ఏ మత్తులో ఉన్నాడో, ఆ అడ్డగోడ మూలమట్టానికి రాలేదు. కాస్త ఏటవాలుగా వచ్చింది. కంటికి తెలియదు, పలక పెడితే తెలుస్తుంది. బల్ల వెనకంచు పొడుగు గోడకు ఆనాలి. ఎడమ కొస అడ్డగోడకు తగలాలి, కుడి కొస అవతలి పొట్టి పిల్లరు మీద ఆనాలి. ఎడమ కొసను ఆ మూల ఎంత తెరుచుకుందో సరిగ్గా అంతకే కోయాలి. పలకలో మిగులు రెండంగుళాలు. ఒక్క కోతకే చోటు. రెండోసారి రంపం పెడితే అవతల పిల్లరు అందదు.

కొలతల రోజు టీచరమ్మ మేనల్లుడు జయకృష్ణ కూడా వచ్చాడు. ఇళ్ళ లోపలి భాగాలు సింగారించే డిజైనరు. తెల్ల ప్యాంటు, చేతిలో అంకెలు చూపించే స్కేలు. దానికి రెండు చేతులు, మధ్యలో చిన్న తెర. చేతులు ఎంత విప్పితే అన్ని డిగ్రీలు తెర మీద పడతాయి. హాల్లో ఆ మూలన బియ్యం మూట, మూట మీద పుస్తకాల అట్టపెట్టెలు ఉన్నాయి. వాటిని చూసి జయకృష్ణ బాల్కనీలోకి పోయాడు. గాలికి పోయాడనుకున్నాడు సదాశివ. తను వంగి మూటను జరుపుతుండగా బయటినుంచి కేక వినిపించింది.

"ఎనభై ఆరు! రాసుకోండి మేస్త్రీగారూ. తొంభైకి నాలుగు తక్కువ. మూల ఇరుగ్గా ఉందన్నమాట."

సదాశివ రాసుకోలేదు. అంకెలు రాసుకునేవాళ్ళు పనివాళ్ళు కారని అతని నమ్మకం. సంచిలోంచి గోనియా తీశాడు, మూల ఎంత తెరుచుకుందో పట్టి చూపే పనిముట్టు. తండ్రి చేసింది. శీశం చెక్క పిడి, పిడి మధ్య చీలికలో ఇనుప ఆకు. మర వదులు చేస్తే ఆకు తిరుగుతుంది, బిగిస్తే నిలుస్తుంది. ఆ ఆకు పిడికి రెండు పక్కలా బయటికి ఉంటుంది. ఒక పక్క ఎంత తెరుచుకుంటే రెండో పక్క అంత మూసుకుంటుంది. అందుకే తండ్రి ఒక పద్ధతి పెట్టాడు. మూలలో కూర్చోబెట్టి మర బిగించాక, ఏ పక్క మూలలో కూర్చుందో ఆ పక్క ఆకుకు ఎర్రదారం కట్టాలి. దుకాణానికి పోయాక పలక మీద ఆ పక్కే పెట్టాలి. యాభై ఏళ్ళుగా సదాశివ చొక్కా జేబులో ఎర్రదారం ఉండ ఒకటి ఉంటుంది.

ఆ రోజు కూడా గోనియాను మూలలో కూర్చోబెట్టాడు. వెలుతురు దూరకుండా కూర్చుంది. మర బిగించాడు. దారం తీశాడు. అప్పుడే జయకృష్ణ లోపలికి వచ్చాడు.

"ఏంటండీ ఇది? మ్యూజియంలో టిక్కెట్టు పెట్టి చూపించొచ్చు."

సదాశివ తల ఎత్తాడు. "నీ దాంట్ల సెల్లు ఉంటదా సారూ?"

"ఉంటుంది. అయిపోతే మారుస్తాం."

"దీంట్ల లేదు. దీన్ని జేసినోడు సచ్చి నలభై ఏండ్లయింది. ఇది ఇంక సావలే. నీదాని సెల్లు దీపావళి దాంక ఉంటదో లేదో చూస్కో. నీ ప్యాంటు సుత."

వంటింట్లోంచి టీచరమ్మ నవ్వు వినిపించింది. "ఒరేయ్ జయా, ఆయన జోలికి పోకు. ముందు ఆ మూట మళ్ళీ ఎత్తి పెట్టు."

జయకృష్ణ మొహం మాడింది. తన మాట తగిలిన చోటు చూసి సదాశివకు కడుపు నిండింది. ఆ సంబరంలో దారం ఉండ మళ్ళీ జేబులోకి పోయింది. గోనియా సంచిలోకి పోయింది. దారం లేకుండా.

చిలకలగూడలో ఇంటి పక్కనే రేకుల షెడ్డు, అదే అతని పనిచోటు. బల్లకున్న ఇనుప కడియాలు ఊడదీసి, నాలుగు బెజ్జాలకూ టేకు బిరడాలు దిగ్గొట్టాడు. తర్వాత చిత్రిక పట్టాడు. పై ముఖానికి పెద్ద పని పడలేదు, మూడు తరాలు కూర్చుని అద్దం చేసి పెట్టారు. కింది ముఖానికి ఒక రోజంతా పట్టింది. అక్కడ రూపాయి బిళ్ళంత నల్లటి ముడి ఒకటుంది. దాని చుట్టూ నార అడ్డం తిరిగి ఉండడంతో చిత్రిక ఆగి ఆగి నడిచింది.

రాఘవేందర్ వచ్చి నిలబడ్డాడు. "కింద ఎవడు చూస్తడు నాయినా? ఒక దినం ఖరాబు."

"పలక చూస్తది."

"పిచ్చి గానీ..."

"నీ అల్మారాల వెనక చేయి పెట్టిన. ముళ్ళు గుచ్చినయి. ముందు ముఖానికి పౌడరు, వెనక పెంటకుప్ప."

రాఘవేందర్ వెళ్ళిపోయాడు. సదాశివ ముందంచు జోలికి పోలేదు. పలక గోడకు కూర్చున్న తర్వాతే ముందంచు గుండ్రం తీస్తాడు. అది కూడా తండ్రి పద్ధతే.

ఇక కోత. గోనియా తీసి పలక మీద పెట్టబోయాడు. చేయి ఆగింది.

దారం లేదు.

ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఒక పక్క కాస్త ఇరుకు, ఒక పక్క కాస్త విశాలం. మూల బాగా వంకరైతే తెలిసిపోయేది. ఇది మూలమట్టానికి వెంట్రుకవాసి ఇటూ అటూ. హాల్లో మూల ఇరుగ్గా ఉందా, విశాలంగా ఉందా? కళ్ళు మూసుకుని ఆ గోడను తలచుకున్నాడు. గోడ కనబడలేదు, తెల్ల ప్యాంటు కనబడింది.

మారేడ్‌పల్లి ఎంత దూరం? ఆటో ఎక్కితే పావుగంట. పోయి, ఇంకోసారి మూలలో పెట్టి చూసుకుని వస్తే అయిపోతుంది. కానీ అక్కడ ఆ పిల్లగాడు ఉంటాడు. 'ఏం తాతగారూ, మరిచిపోయారా?' అంటాడు. అది రాఘవేందర్ చెవిన పడుతుంది. కళ్ళయిపోయాయి, ఇప్పుడు మతి కూడా పోయిందంటాడు. మొల సిద్ధంగా ఉండనే ఉంది.

సదాశివ పోలేదు.

చెవిలో ఒక గొంతు మోగింది. 'తొంభైకి నాలుగు తక్కువ. మూల ఇరుగ్గా ఉందన్నమాట.' థూ అని పక్కకు ఉమ్మాడు. ఉమ్మాడు కానీ, చేయి మాత్రం గోనియాను ఇరుకు పక్కకే తిప్పింది. ఎవరి మాట విని తిప్పావని ఆ చేతిని అతను అడగలేదు. గీత గీశాడు. రంపం పెట్టాడు. కోత మాత్రం చూసి తీరాల్సిందే, దారం లాగినట్టు వచ్చింది. తప్పు దారిన పోయేవాడు ఎంత తిన్నగా నడిస్తే అంత దూరం పోతాడు.

మర్నాడు పదింటికి తండ్రీకొడుకులు పలకను ట్రాలీ ఆటోలో మారేడ్‌పల్లికి తెచ్చారు. గోడకు ఇనుప బ్రాకెట్లు ముందే బిగించి ఉన్నాయి. జయకృష్ణ ఫోన్‌లో వీడియో తీయడానికి తయారుగా నిలబడ్డాడు. టీచరమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. పలకను బ్రాకెట్ల మీద పెట్టి, వెనకంచును పొడుగు గోడకు ఆనించి, ఎడమకు తోశారు.

వెనక మూల తగిలింది. ముందు మూల తగల్లేదు. అడ్డగోడకూ పలకకూ మధ్య సందు. వెనక సున్నా, ముందుకొచ్చేసరికి రెండున్నర అంగుళాలు. కోసిన బొప్పాయి ముక్క లాంటి సందు.

రాఘవేందర్ నాలుగు వేళ్ళు ఆ సందులో పెట్టి చూశాడు. నాలుగూ పట్టాయి.

"నాయినా," అన్నాడు మెల్లగా.

"నేను ఎనభై ఆరని చెప్పాను," అన్నాడు జయకృష్ణ. స్కేలు తీసి పలక మూలకు పెట్టాడు. "చూడండి. కోత సరిగ్గా ఎనభై ఆరే ఉంది. మరి పట్టలేదంటే గోడలోనే ఏదో..."

"గోడ రాత్రికి రాత్రి జరిగిందా?" అంది టీచరమ్మ. "ఏదీ, ఆ మూలలో పెట్టి కొలువు. నా కళ్ళెదురుగా."

పెట్టాడు. తెర మీద తొంభై నాలుగు పడింది. స్కేలును ఒకసారి దులిపి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తొంభై నాలుగే.

"మొన్న ఎక్కడ కొలిచావురా?"

"బాల్కనీలో. మూట అడ్డముంది కదత్తయ్యా. అవే గోడలు కదా, అటైనా ఇటైనా..."

టీచరమ్మ లేచింది. సుద్దముక్క తెచ్చి నేల మీద పొడుగాటి గీత ఒకటి గీసింది. దాని మధ్యలో తగిలేలా ఏటవాలుగా ఇంకో గీత గీసింది.

"ఇది పొడుగు గోడ. తిన్ననిది. ఇది అడ్డగోడ. ఇటు హాలు, అటు బాల్కనీ. ఈ పక్క ఒక కోణం, ఆ పక్క ఒక కోణం. పొడుగు గోడ తిన్నగా ఉన్నంతకాలం ఆ రెండూ కలిసి నూట ఎనభై. అడ్డగోడ మూలమట్టానికి వచ్చి ఉంటే ఇటు తొంభై, అటు తొంభై, నీ బోటివాడు ఎటు కొలిచినా బతికిపోయేవాడు. అది అటు వంగింది. అటు నాలుగు తగ్గింది, ఇటు నాలుగు పెరిగింది. ఒకటి పోగొట్టుకున్నది రెండోదాని దగ్గర ఉంటుంది. ఎక్కడికీ పోదు. వీటిని సంపూరక కోణాలంటారు. ఏడో తరగతి."

"తెలుసత్తయ్యా."

"తెలుసు! నువ్వు ఏడో తరగతి నా దగ్గరే చదివావు. నేనే పాస్ చేశాను. ఆ పాపం ఇవాళ నా హాల్లోకే వచ్చింది." అటునుంచి సదాశివ వైపు తిరిగింది. "వీడు అటుపక్క కొలిచాడు. నువ్వేమో వాడి యంత్రాన్ని వెక్కిరించి, నీ గోనియాను సరైన మూలలోనే పెట్టి, తీరా అటుపక్క కోసుకొచ్చావు. ఒకడు ఎనభై ఆరు, ఒకడు తొంభై నాలుగు. ఇద్దరూ కలిస్తే తిన్నని గీత అవుతుంది, నా బల్ల మాత్రం అవదు."

సదాశివ చెయ్యి చొక్కా జేబులోని దారం ఉండ మీదికి పోయింది.

టీచరమ్మ మళ్ళీ కుర్చీలో కూలబడింది. గొంతులో ఇందాకటి పదును లేదు. "నాన్నమ్మ బల్ల," అంది. "మంచం కిందయినా క్షేమంగా ఉండేది."

రాఘవేందర్ తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీ నాయినా. మొల ఉన్నది గద." ఎగతాళి కాదు, జాలి. ఆ జాలి సదాశివకు రంపం పళ్ళలా తగిలింది. భుజం విదిలించుకున్నాడు.

నేల మీది సుద్ద గీతలను చూశాడు. తిన్నని గీత. దాని మీద వంగిన గీత. ఒకటి పోగొట్టుకున్నది రెండోదాని దగ్గర ఉంటుంది. ఇంత చిన్న ముచ్చటకు అంత పెద్ద పేరా అనుకున్నాడు. తన తండ్రికి ఈ పేరు తెలియదు. తెలియకుండానే దారం కట్టాడు. తనకు పేరూ తెలియదు, దారమూ కట్టలేదు.

ఆ గీతల మీదినుంచి చూపు పలక మీదికి పోయింది. పలకకు రెండంచులు, రెండూ తిన్నగా సాగేవే. రంపం వాటి మీదుగా ఏటవాలుగా పోయింది. వెనకంచు దగ్గర మూల ఇరుకైంది. మరి అక్కడ పోయింది ఎక్కడికి పోయినట్టు?

సంచిలోంచి గోనియా తీశాడు. మర ఇంకా బిగించే ఉంది. విశాలం పక్కను పలక ముందు మూలకు పెట్టాడు. వంగి చూశాడు. ఎక్కడా వెలుతురు దూరలేదు.

"రాఘవా."

"ఆఁ?"

"గా కొస పట్టు. బోర్ల తిప్పు."

"ఏంది?"

"పట్టుమంటే పట్టు. ముందంచు వెనకకు రావాలె. కొసలు మారొద్దు."

ఇద్దరూ పలకను ఎత్తి బోర్లించారు. ఇందాకటిదాకా పిల్లల వైపు ఉన్న అంచు ఇప్పుడు పొడుగు గోడ వైపు వచ్చింది. ఎడమకు తోశారు. చెక్క గోడకు తగిలి చిన్న చప్పుడైంది. రాఘవేందర్ వేలు పెట్టబోయాడు. గోరు కూడా దూరలేదు. కుడి కొస పిల్లరు మీద ముప్పావంగుళం ఆనింది.

జయకృష్ణ ఫోన్ ఎత్తాడు. "సూపర్ మేస్త్రీగారూ! చూశావా అత్తయ్యా, అందుకే ఎనభై ఆరు కోశారు. తిప్పితే తొంభై నాలుగని ముందే ప్లాన్ చేశారు."

"నువ్వు నోరుముయ్యి," అంది టీచరమ్మ. ఆమె లేచి వచ్చి పలక కొస దగ్గర వంగింది. వేలితో గాలిలో గీతలు గీసుకుంది. "అంచులు సమాంతరం... ఇక్కడ ఎనభై ఆరు అయితే అక్కడ... అవును. అంతే అవ్వాలి." ఆమె మొహం చిరాగ్గా మారింది. "ముప్పై ఏళ్ళు చెప్పాను. కళ్ళెదురుగా ఉంటే నాకు తట్టలేదేం?"

"మీ గీత నేల మీద ఉంటది," అన్నాడు సదాశివ. "నేలను తిప్పరాదు."

పలక పాడవలేదు. కింది ముఖం పైకి వచ్చింది, అంతే. చిత్రిక పట్టి ఉంది కాబట్టి సరిపోయింది. రాఘవేందర్ అరచేత్తో దాన్ని నిమిరాడు, నిమిరి తండ్రి వైపు చూడకుండా తల తిప్పుకున్నాడు. కానీ ఆ నల్లటి ముడి ఇప్పుడు బల్ల మధ్యలో, టీచరమ్మ కూర్చునే చోటికి ఎదురుగా పడింది. మూడు తరాలు అద్దం చేసిన ముఖం అడుగుకు పోయింది, ఇక దాన్ని బల్ల కింద దూరిన పిల్లి తప్ప ఎవరూ చూడరు.

టీచరమ్మ ముడి మీద వేలు పెట్టింది. "ఇదేంటి, మొహాన మొటిమ లాగా?"

"గది కట్టె కన్ను. చూస్తది."

"చూడనీ. వెనక బెంచీ వెధవల్ని చూసేవాళ్ళు ఒకరు కావాలి నాకు." వేలు తీయకుండానే తల ఎత్తింది. "ఒక్కటి చెప్పు మేస్త్రీ. వాడి అంకె నువ్వు రాసుకోలేదు. నీ గోనియా హాల్లోనే పెట్టావు. మరి బాల్కనీ కోణం నా పలక మీదికి ఎలా వచ్చింది?"

సదాశివ సంచి భుజానికి తగిలించుకున్నాడు. "రేపు ముందంచు గుండ్రం తియ్య వస్త," అని మెట్లు దిగాడు.

ఆటోలో రాఘవేందర్ హుషారుగా ఉన్నాడు. "అతికింది గద నాయినా. గది తప్పు కోత కాదు తీ. గా మొల పీకేస్త. పరేషాన్ గాకు."

సదాశివ బయటికి చూస్తూ కూర్చున్నాడు. జీవితమంతా అతను నవ్వింది ఎవరిని చూసి? పగులు వస్తే పుట్టీ పూసి 'డిజైన్' అనేవాళ్ళను చూసి. తలుపు పట్టకపోతే గడపను నరికి 'గాలికోసం' అనేవాళ్ళను చూసి. దొరికిన దారిని వెతికిన దారి అని చెప్పుకునే దొంగలను చూసి. పలక బోర్లా తిప్పితే పట్టింది. రంపం పెట్టిన పొద్దు అతనికి ఆ సంగతి తెలుసా? తెలియదు. తెలిసింది ఒక్కటే, ఒక తెల్ల ప్యాంటు గొంతు.

మర్నాడు పొద్దున్నే, ఏడు కొట్టకముందే, చిత్రిక చంకన పెట్టుకుని మారేడ్‌పల్లి పోయాడు. సంచిలో రంపం కూడా ఉంది. ఆ పనికి రంపంతో అవసరం లేదు. టీచరమ్మ తలుపు తీసింది. అతను ముందంచు గుండ్రం తీశాడు, రెండు గంటలు పట్టింది. పొట్టు ఊడ్చి, ముడి మీద ఇంకోసారి గుడ్డతో నూనె పట్టించి, చేతులు తుడుచుకున్నాడు.

"నిన్న అడిగిండ్రు," అన్నాడు.

"ఆఁ."

"దారం కట్టుడు మరిచిన. ఏ పక్కనో తెల్వలే. వచ్చి చూస్కుంటే అయిపోవు. రాలే. మీ మేనల్లుని మాట విని కోసిన."

టీచరమ్మ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"నాకు నిన్ననే తెలుసు," అంది. "ఎనభై ఆరు ఇంకెక్కడినుంచి వస్తుంది? వాడికి చెప్పనా?"

"చెప్పుండ్రి."

"చెప్పను. వాడు దాన్ని ఫ్రేమ్ కట్టించుకుంటాడు."

అక్కడినుంచి పద్మారావు నగర్ పోయాడు. రాఘవేందర్ అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. మొల ఇంకా గోడకే ఉంది. పీకేస్తానన్నాడు కానీ పీకలేదు. వాడు అన్న పనుల్లో చేయనివి ఎన్నో, ఇదొకటి. సదాశివ సంచిలోంచి రంపం తీసి, పళ్ళకు నూనె గుడ్డ చుట్టి, మొలకు తగిలించాడు. వంకర మొల కావడంతో రంపం ఒక పక్కకు ఒరిగింది.

"ఏంది నాయినా ఇది? అతికిందంటిని గద!"

"పలక అతికింది," అన్నాడు సదాశివ. "కోత తప్పే."

రాఘవేందర్ రంపం వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు. కూర్చోమన్నట్టు స్టూలు ఒకటి ముందుకు తోశాడు. దుకాణంలో ప్లైవుడ్ కానిది అదొక్కటే, ఎవరో చేసి ఇచ్చిన వేపచెక్క స్టూలు.

సదాశివ కూర్చోలేదు. స్టూలును తలకిందులు చేసి దాని కింది ముఖం మీద చెయ్యి వేశాడు. బొటనవేలికి ముల్లు దిగింది. "థూ," అన్నాడు. మాట ఇచ్చింది రంపం సంగతే. చిత్రిక సంగతి ఎవడూ మాట తీసుకోలేదు. ముల్లు పీకి పారేసి, స్టూలును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, దుకాణం గుమ్మంలోనే చతికిలబడి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు.